తొలకరి వాసన – ఒక బాలుని ప్రశ్న

2014వ సంవత్సరము జూను నెల. ఫైలిన్ తుపాను మన గంజాం తీరమును తాకిన మరుసటి వేసవి. సెలవులు ముగిసి పాఠశాల తెరచి వారము దినములైన కాలేదు. మృగశిర కార్తె ప్రవేశించినను వాన జాడ లేదు. ఎనిమిదవ తరగతిలో వర్షకాల వర్ణనమును గూర్చిన పద్యపాఠము చెప్పుచుంటిని. మధ్యాహ్నము మూడు గంటల వేళ గాలి ఒక్కసారిగా చల్లబడెను. కిటికీ తలుపులు కొట్టుకొనెను. పెద్ద పెద్ద చినుకులు నాలుగైదు ఆటస్థలములోని ఎండుమట్టిపై పడెను. వాటి వెంటనే ఆ కమ్మని వాసన గది నిండ వ్యాపించెను. పిల్లలందరును గట్టిగా ఊపిరి పీల్చిరి, నేనును పీల్చితిని. పద్యమును ఆపి, "చూశారా, కవి చెప్పింది ఇదే" అని మురిసితిని.

మూడవ వరుసలో ఒక బాలుడు లేచి నిలిచెను. సముద్రతీరమందలి జాలరి గ్రామము నుండి ప్రతిదినము నడచి వచ్చువాడు. "మాష్టారూ, వాన నీటికి వాసన లేదు కదండీ. ఎండిపోయిన మట్టికీ వాసన లేదు. రెండూ కలిస్తే ఈ వాసన ఎక్కడి నుంచి వస్తాదండీ?" అని అడిగెను.

"ఇది తెలుగు క్లాసురా. అది సైన్సు మాష్టారిని అడుగు" అంటిని.

"పోయినేడు అడిగానండీ. పుస్తకంలో లేదన్నారండీ."

పిల్లలు నవ్విరి. ఆ నవ్వులో నేనును కలిసితిని. "పుస్తకంలో లేకపోతే పరీక్షలో రాదులే, కూర్చో" అంటిని. అతడు కూర్చుండెను. నేను పద్యమునకు తాత్పర్యము చెప్ప సాగితిని.

ఆనాడు ఆ సంగతిని నేను పట్టించుకొనలేదు. కాని ఆ బాలుడు పదవ తరగతి ముగించి వెళ్లువరకు, ఇంచుమించు మూడు సంవత్సరములు, నన్ను మరియొక ప్రశ్న అడుగలేదు. పద్యములను చక్కగా అప్పగించెను. ప్రతిపదార్థములు తప్పులేకుండ వ్రాసెను. మంచి మార్కులు తెచ్చుకొనెను. ప్రశ్న మాత్రము అడుగలేదు. ఒక ఉపాధ్యాయునకు ఇంతకంటె మెత్తనైన శిక్షయు, ఇంతకంటె కఠినమైన శిక్షయు వేరొకటి లేదని నాకు తరువాత తెలిసినది.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. ప్రశ్న ఏ భాషలో పుట్టినదో ఆ భాషలోనే దానికి సమాధానము దొరకవలెను. దొరకనిచో పిల్లవాడు ప్రశ్ననైనను విడుచును, భాషనైనను విడుచును. రెండును నష్టములే. తెలుగు పద్యములకును, పెండ్లి పిలుపులకును, పండుగ పాటలకును మాత్రమే పనికివచ్చు భాష యని పిల్లవాని మనస్సులో ఒకసారి నాటుకొనిన పిమ్మట, ఎన్ని సభలు జరిపినను, ఎన్ని దండలు వేసినను ప్రయోజనము లేదు.

నేను ఆంధ్రప్రదేశములో ఉపాధ్యాయ శిక్షణ పొంది ఇచ్చటకు వచ్చినవాడను. శిక్షణ కళాశాలలో మాకు మొట్టమొదట నేర్పిన సూత్రము "తెలిసిన దాని నుండి తెలియని దానికి" అనునది. పరీక్షలో దానిని గూర్చి రెండు పుటలు వ్రాసితిని. ఆనాటి తరగతిలో ఆ బాలుడు ఆ సూత్రమును అక్షరాల ఆచరించెను: తనకు తెలిసిన నీటిని, తెలిసిన మట్టిని చూపి, తెలియని వాసనను గూర్చి అడిగెను. సూత్రమును మరచినవాడను నేను.

ఆలస్యముగానైనను ఆ ప్రశ్నకు సమాధానమును వెదకితిని. తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆ బాలుని మాటలో సగము సరియైనది. వాన నీటికి వాసన లేదు. కాని ఎండుమట్టికి వాసన లేదనుట కంటె, అది తన వాసనను దాచుకొని యున్నదనుట సత్యము. వేసవిలో చెట్ల ఆకుల నుండి, గడ్డి నుండి వెలువడు నూనెల వంటి పదార్థములు రాళ్లమీదను, బంకమట్టి రేణువుల మీదను కొద్దికొద్దిగా పేరుకొనును. ఎండకాలము ఎంత దీర్ఘమైనచో ఆ నిల్వ అంత అధికము. ఆస్ట్రేలియా దేశమునకు చెందిన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎండిన రాళ్లను ఆవిరితో బట్టీ పట్టి, వాటి నుండి పసుపుపచ్చని నూనెను రాబట్టిరి. ఆ నూనెలో తొలకరి వాసన యున్నది. 1964లో వారు ఈ విషయమును ప్రకటించి, ఆ వాసనకు పెట్రికోర్ అని పేరు పెట్టిరి. గ్రీకు భాషలో పెట్రా యనగా రాయి. ఇకోర్ యనగా దేవతల నరములలో ప్రవహించు ద్రవము. రాతిలోని దేవరక్తమని అర్థము చెప్పుకొనవచ్చును. శాస్త్రజ్ఞులకును కవిత్వము చేతనగునని దీనివలన తెలియుచున్నది.

రెండవ మూలము ఇంకను చిత్రమైనది. మట్టిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోటానుకోట్లు జీవించుచున్నవి. వాటిలో స్ట్రెప్టోమైసిస్ అను జాతి యొక పదార్థమును తయారుచేయును. దాని పేరు జియోస్మిన్. అనగా "నేల వాసన". 1965లో ఈ పదార్థమును వేరుచేసి పేరు పెట్టిరి. బీట్‌రూట్ దుంపలో మట్టి వాసన కొట్టునది ఇదియే. మన ముక్కు ఈ జియోస్మిన్‌ను పసిగట్టుటలో అసాధారణమైన నేర్పు కలది. లక్ష కోట్ల పాళ్లలో ఐదారు పాళ్లున్నను గుర్తించును. ఇతర విషయములలో కుక్కల ముందు, చీమల ముందు తలవంచుకొను మన ముక్కు, ఈ ఒక్క విషయమున మాత్రము తల యెత్తుకొనవచ్చును.

ఇవి రెండును మట్టిలో ఉన్నవి సరే. ముక్కునకు ఎట్లు చేరును? ఈ ప్రశ్నకు 2015లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన పరిశోధకులు సమాధానము చూపిరి. అతివేగముగా చిత్రములు తీయు కెమెరాను పెట్టి, చినుకు నేలను తాకు క్షణమును వారు చిత్రించిరి. మట్టి నిండ సన్నని రంధ్రములున్నవి. చినుకు పడగానే ఆ రంధ్రములలోని గాలి చినుకు అడుగున చిక్కుకొని, చిన్న చిన్న బుడగలై పైకి లేచి, చినుకు పైభాగమున పగులును. సోడాబుడ్డి తెరచినప్పుడు చేతిమీద సన్నని తుంపర పడునట్లే, ఆ బుడగలు పగిలినప్పుడు కంటికి ఆనని తుంపర గాలిలోనికి ఎగయును. ఆ తుంపరతో పాటు మట్టిలోని వాసనయు ఎగయును. చినుకు సన్నగా పడినప్పుడు ఈ తుంపర అధికము. జడివానలో చినుకు అతివేగముగా తాకుటచే బుడగలు ఏర్పడుట తక్కువ. కుంభవృష్టి కంటె తొలి చినుకులే మిక్కిలి వాసన కొట్టుటకు ఇదియొక కారణము. వేసవి యంతయు పేరుకొనిన నిల్వ తొలి వానతో ఖర్చగుట మరియొక కారణము.

వాన మన ఊరికి రాకముందే వాసన వచ్చుట కూడ మనకు అనుభవమే. ప్రక్క ఊరిలో పడిన చినుకుల తుంపర గాలివాటున ముందుగా వచ్చును. మెరుపు గాలిలోని ఆక్సిజనును చీల్చి ఓజోను అను ఘాటైన వాయువును పుట్టించును. మేఘము నుండి దిగు చల్లగాలి దానిని నేలకు మోసికొనివచ్చును. "ఎక్కడో వాన పడుతోంది" అని మన అవ్వలు గుమ్మములో నిలిచి చెప్పు మాట ఊహ కాదు; ముక్కు ఇచ్చిన సాక్ష్యము.

ఇంతకు ఆ సూక్ష్మజీవులు ఈ వాసనను ఎందుకు పుట్టించుచున్నవి? మనలను సంతోషపెట్టుటకు కాదు గదా! 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము, నేలలో గెంతుచు తిరుగు అతి చిన్న జీవులు కొన్ని ఈ వాసనకు ఆకర్షింపబడి వచ్చి, ఆ సూక్ష్మజీవులను తినును. తినునప్పుడు వాటి బీజములు ఆ జీవుల దేహమునకు అంటుకొని దూరదూరములకు పోవును. పువ్వు తేనె పెట్టి తుమ్మెదను పిలిచినట్లు, మట్టిలోని ఈ జీవి వాసన పెట్టి తన వాహనమును పిలుచుచున్నది. మనము ఆ పిలుపును ప్రక్కన నిలిచి ఆస్వాదించువారము మాత్రమే.

ఇప్పుడు మన గంజాం వారికి ఒక విశేషము చెప్పెదను. ఛత్రపురము పరిసర గ్రామములలో వానకాలమున మొగలి పూవుల బట్టీలు మండుచుండుట మీలో అనేకులు చూచియే యుందురు. రాగి పాత్రలో పూవులను నీటితో వేసి, మూత చుట్టును బంకమట్టి మెత్తి, క్రింద కట్టెల మంట పెట్టుదురు. ఆవిరి వెదురు గొట్టము ద్వారా పోయి, చల్లని నీటి తొట్టిలో నుంచిన పాత్రలో చల్లబడి, పరిమళమును దింపును. గంజాం మొగలి పువ్వునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఉత్తరప్రదేశములోని కన్నౌజ్ పట్టణమునందు ఇదే పద్ధతిని, పూవులకు బదులు కాల్చిన మట్టి పలకలను పాత్రలో వేసి, వచ్చిన ఆవిరిని గంధపు నూనెలో పట్టుదురు. దానిని మిట్టీ అత్తరు అందురు. తొలకరి వాసనను సీసాలో పట్టుకొనిన ఘనత ఆ పనివారిది. పైన చెప్పిన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తమ వ్యాసమున ఈ అత్తరును ప్రస్తావించిరి. వారు రాళ్లను ఆవిరి పట్టిన విధానమునకును, మన ఊరి బట్టీ విధానమునకును మూలసూత్రము ఒక్కటే. ఆ జాలరి బాలునికి ఈ ఒక్క పోలిక చెప్పి యుండినచో సగము పాఠము అతనికి తానుగనే అర్థమైయుండును. అతడు ప్రతిదినము ఆ బట్టీల పొగ ప్రక్కనుండియే బడికి వచ్చెడివాడు.

ఇంకొకటి. మన తీరమందలి మత్స్యకార కుటుంబములలో అధికులు ఇంట తెలుగు మాట్లాడువారు. సముద్రపు చేప తినుటకు అలవడినవారు చెరువు చేపను నోట పెట్టి, "మట్టి వాసన" అని ముఖము చిట్లింతురు. వారు చెప్పు మట్టి వాసనయు ఈ జియోస్మినే. చెరువు నీటిలోని కొన్ని సూక్ష్మజీవులు దానిని పుట్టించును. అది చేప కండలో చేరును. పులుపు తగిలినచో జియోస్మిన్ మారిపోయి తన వాసనను కోల్పోవును. చెరువు చేపకు చింతపండు పులుసు ఎందుకు నప్పునో ఇప్పుడు ఆలోచింపుడు. మన వంటింటిలోని స్త్రీలకు జియోస్మిన్ అను పేరు తెలియదు; కాని దానిని లొంగదీయు ఉపాయము తెలియును.

ఈ మట్టిజీవుల కథకు మరియొక తెలుగు ముడి యున్నది. తొలకరి వాసన నిచ్చు స్ట్రెప్టోమైసిస్ జాతియే మానవునకు గొప్ప మందులను ప్రసాదించినది. క్షయరోగమును అణచిన స్ట్రెప్టోమైసిన్ 1943లో దాని నుండియే లభించెను. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ అను మందును అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ కనుగొనెను. ఆ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకుడు 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గుప్పెడు మట్టిలో ప్రాణరక్షణ మున్నదని వారు లోకమునకు చూపిరి. మట్టిని చూచి "ఎందుకు?" అని అడుగు పిల్లవానిని కూర్చుండబెట్టువారు ఎంతటి వానిని కూర్చుండబెట్టుచున్నారో ముందుగా ఎవరికి తెలియును?

"పుస్తకములో లేదు" అను మాటను గూర్చి కూడ చెప్పవలెను. పుస్తకములో లేని ప్రశ్నలే కాదు, పుస్తకములో సమాధానము ఉన్న ప్రశ్నలు కూడ ముగిసిపోయినవి కావు. సముద్రము నీలముగా నుండుటకు ఆకాశపు ప్రతిబింబమే కారణమని ఒకప్పుడు గొప్ప శాస్త్రజ్ఞులే చెప్పిరి. విశాఖపట్టణమున, మనము చూచు ఈ బంగాళాఖాతము ఒడ్డుననే, బాల్యమును గడపిన సి.వి. రామన్‌గారు 1921లో ఓడ ప్రయాణము చేయుచు, నీటి ఉపరితలమునుండి ప్రతిఫలించు వెలుగును ఒక స్ఫటికపు పరికరముతో తొలగించి చూచిరి. నీలము పోలేదు. అది ఆకాశమునుండి అరువు తెచ్చుకొనినది మాత్రమే కాదనియు, నీటిలోనే పుట్టుచున్నదనియు తేల్చిరి. కాంతిని గూర్చి వారు సాగించిన అన్వేషణము 1928లో రామన్ ఫలితమునకును, 1930లో నోబెల్ బహుమానమునకును దారి తీసెను. ఓడలో ఎందరో ఆ నీలమును చూచిరి. ఒక్కరు అడిగిరి.

మన ఒడిశా రాష్ట్రమునుండియే మరియొక ఉదాహరణము. ఖండపడలో 1835లో జన్మించిన సామంత చంద్రశేఖరులు, వెదురు పుల్లలతోను, కొయ్యతోను చేసికొనిన పరికరములతో, దుర్భిణి లేకుండ గ్రహగతులను కొలిచిరి. వారి సిద్ధాంత దర్పణము 1899లో అచ్చయ్యెను. వారికి ఆంగ్లవిద్య లేదు. పరికరముల దుకాణము లేదు. పూర్వగ్రంథములలోని లెక్కయు, ఆకాశములో తాము చూచినదియు కలియనప్పుడు, ఏది సరియో కొలిచి చూడవలెనను పట్టుదల మాత్రముండెను.

ఇచ్చట నాకు రెండు తప్పుదారులు కనబడుచున్నవి. పెద్దలు చెప్పినదంతయు మూఢనమ్మకమని కొట్టివేయుట ఒకటి. శాస్త్రజ్ఞులు నేడు చెప్పుచున్నదంతయు మన పూర్వులకు ముందే తెలియునని గర్వించుట రెండవది. రెండింటిలోను సోమరితనమే యున్నది. ఏలయన రెండింటిలోను పరీక్షించి చూచు శ్రమ లేదు.

చంద్రుని చుట్టును గుడి కట్టుటను తీసికొనుడు. దూరముగా గుడి కట్టినచో దగ్గరలో వాన, దగ్గరగా గుడి కట్టినచో దూరాన వాన అని పెద్దలందురు. ఇది ఉత్తమాట కాదు. పెద్ద గుడియు, చిన్న గుడియు నిజముగానే రెండు వేరు వేరు వింతలు. పెద్దది, అతి ఎత్తున నుండు పలుచని మేఘములలోని ఆరు పలకల మంచుకణముల గుండ వెలుగు వంగుటవలన ఏర్పడును. దాని వ్యాసార్ధము సుమారు 22 డిగ్రీలు. చేయి చాచి, బొటనవ్రేలిని చంద్రునిపై నుంచి, జానెడు చాచినచో చిటికెనవ్రేలి కొన ఇంచుమించు ఆ గుడిని తాకును. చిన్నది, నీటి బిందువులతో నిండిన పలుచని మేఘమువలన చంద్రునికి ఆనుకొని ఏర్పడును. మంచుకణముల ఆ ఎత్తైన మేఘములు అనేక పర్యాయములు వానమేఘములకు ముందు నడచు దూతలు. కనుక సామెతలో పరిశీలన యున్నది. కాని ప్రతిసారి వాన వచ్చునా? రాదు. ఎన్నిసార్లు వచ్చునో మీరే ఒక నోటుపుస్తకములో సంవత్సరము పొడుగున వ్రాసి చూడుడు. సామెతను గౌరవించు పద్ధతి అది.

"ఇవన్నియు తీరిక వేళ ముచ్చటలు, వీటివలన అన్నము పుట్టునా?" అని అడుగువారు కలరు. వారికి నా సమాధానము 2013 అక్టోబరు 12వ తేది రాత్రి. ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ సమీపమున తీరము దాటినది. అటువంటి పెనుతుపాను నడిమధ్యనున్న కన్ను ఊరి మీదుగా పోవునప్పుడు, అంతవరకు ఊళలు వేసిన గాలి హఠాత్తుగా ఆగిపోవును. తుపాను ముగిసినదని తలచి మనుష్యులు బయటకు వత్తురు. పడవలను చూచుకొన బోవుదురు. కొంతసేపటికి కన్ను దాటి, గాలి రెండవ దిక్కునుండి అంతే ఉద్ధృతముగా విరుచుకొనిపడును. "గాలి ఎందుకు ఆగింది?" అను ప్రశ్నకు తన ఇంటి భాషలో సమాధానము తెలిసిన పిల్లవాడు తండ్రి చేయి పట్టి ఆపగలడు. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన మహాతుపానులో సుమారు పదివేలమంది మరణించిరి. ఫైలిన్ నాటికి హెచ్చరికలు ముందుగా ఊరూర చేరి, లక్షలాది జనులు ఆశ్రయములకు తరలుటచే మరణములు పదుల సంఖ్యకు తగ్గెను. హెచ్చరిక వినినవానికి అర్థమైననే హెచ్చరిక. లేనిచో అది శబ్దము.

తలచుకొనినప్పుడు నాకు సిగ్గు కలుగు విషయమొకటి యున్నది. ఆ జాలరి బాలుడు ఆ రాత్రిని కండ్లార చూచినవాడు. గాలిని, నీటిని, మట్టిని నాకంటె ఎక్కువగా ఎరిగినవాడు. నేను అతనికి వానను గూర్చిన పద్యము చెప్పితిని గాని, అతడు చూచినదేమో ఒక్కమారైనను అడుగలేదు.

ఇక అభ్యంతరములు. వాసన యొక్క కారణము తెలిసినచో పద్యము యొక్క అందము చెడునని నా తోటి భాషోపాధ్యాయులు కొందరందురు. నా అనుభవము వేరు. ఆ బుడగల సంగతి, ఆ మట్టిజీవుల సంగతి తెలిసిన పిమ్మట తొలి చినుకు పడినప్పుడు నేను మునుపటికంటె గట్టిగా ఊపిరి పీల్చుచున్నాను. పద్యమును కూడ మునుపటికంటె బాగుగా చెప్పుచున్నానని తలచెదను.

తెలుగులో మాటలు లేవని మరికొందరందురు. పైన వ్రాసినదంతయు చదివినవారు ఎన్నిచోట్ల మాటలు చాలక ఆగిపోయితిరో చెప్పుడు. ఆవిరి, బుడగ, తుంపర, రంధ్రము, బట్టీ, పులుపు మనవే. జియోస్మిన్, ఓజోను మనవి కావు; రాగా రాగా రైలు వలెనే మనవి యగును. మాటలు లేకపోవుట ఎన్నడును అడ్డంకి కాదు. చెప్పవలెనను కోరిక లేకపోవుటయే అడ్డంకి.

మూడవ అభ్యంతరము తల్లిదండ్రులది; దానిని నేను తేలికగా త్రోసివేయలేను. "పిల్లలు ఒడియా నేర్చుకోవాలి, ఇంగ్లీషు నేర్చుకోవాలి, తెలుగు మీడియంలో ఉంటే వెనకబడిపోతారు" అని వారందురు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైననాటి నుండి మన కుటుంబములు రెండు మూడు భాషలతో బ్రతుకుట నేర్చినవి. అది మన బలము. ఒడియా ఈ నేల భాష. దానిని గౌరవముతో, శ్రద్ధతో నేర్వవలెను. ఇంగ్లీషు కూడ కావలెను. నేను అడుగునది ఇంతమాత్రమే: పిల్లవాడు ఆలోచించుట ఎక్కడ మొదలుపెట్టునో అక్కడ మనము అతనికి చేయూత నీయవలెను. ఒక భాషలో "ఎందుకు" అని అడుగుట అలవడినవాడు ఏ భాషలోనైనను అడుగగలడు. తన మొదటి భాషలో నోరు మూయింపబడినవాడు మూడు భాషలు నేర్చినను, మూడింటిలోను వల్లెవేయును గాని అడుగడు. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింపవలెనని మన రాజ్యాంగము 350-ఎ అధికరణమున చెప్పుచున్నది. ఆ అధికరణము బడిని ఈయగలదు, బల్లను ఈయగలదు. పిల్లవాని ప్రశ్నకు బదులు చెప్పవలసినది ఉపాధ్యాయుడే.

ఈ సంచిక ద్వారా మా తోటి ఉపాధ్యాయులకు ఒక ప్రార్థన. ప్రతి తరగతి గదిలో "ఎందుకు పుస్తకము" అని ఒక మోటు నోటుపుస్తకమును త్రాడు కట్టి వ్రేలాడదీయుదము. ఏ పిల్లవాడైనను, ఏ పీరియడులోనైనను, తనకు తోచిన ప్రశ్నను తన మాటలలో దానిలో వ్రాయవచ్చును. శనివారము ఒక గంట తెలుగు ఉపాధ్యాయుడును, విజ్ఞానశాస్త్రోపాధ్యాయుడును కలిసి కూర్చుండి వాటిని చదువుదురు. తెలిసిన దానికి సమాధానము చెప్పుదురు. తెలియని దాని ఎదుట "తెలియదు, వెదకుదము" అని వ్రాసి తేది వేయుదురు. "తెలియదు" అను మాట ఉపాధ్యాయుని నోట వచ్చిన దినమున పిల్లవానికి అతనిపై గౌరవము తగ్గదు, పెరుగును. ఆనాడు నేను ఆ మాట ఒక్కటి అనియుండినచో చాలియుండెడిది.

విద్యార్థులారా! మీకును కొంత పని యున్నది. ఒక పాత కుండపెంకును పదిదినములు ఎండలో నుంచి, నాలుగు నీటిచుక్కలు చల్లి వాసన చూడుడు. తరువాత దానిని బాగుగా కడిగి, ఆరిన వెంటనే మరల చుక్కలు చల్లి చూడుడు. భేదమున్నదా? మెరుపు మెరిసిన క్షణము నుండి ఉరుము వినబడువరకు లెక్కింపుడు; ప్రతి మూడు సెకనులకు ఒక కిలోమీటరు చొప్పున పిడుగు ఎంత దూరమున నున్నదో తెలియును. ఇంటిలోపల నిలిచి లెక్కింపుడు సుమా! కూజాలో నీరు ఎందుకు చల్లబడునో, ఎండలో తారురోడ్డుపై నీరు నిలిచినట్లు ఎందుకు కనబడునో, పగలు సముద్రమునుండి వీచు గాలి రాత్రి ఎందుకు సముద్రము వైపు మరలునో అడుగుడు. నన్నే అడుగుడు. తెలుగు పీరియడులోనే అడుగుడు.

ఆ బాలుడు ఇప్పుడు పెద్దవాడైనాడు. పరరాష్ట్రములో ఒక చేపలరేవున పనిచేయుచున్నాడని వింటిని. ఈ సంచిక అతని చేతికి చేరునో చేరదో నేనెరుగను. చేరినచో, నాయనా, నీవడిగిన దానికి సమాధానము పైన వ్రాసితిని. మంచి ప్రశ్న అడిగితివి. ఆనాడే చెప్పవలసిన మాట అది.